చేపపిల్లకు చూపే నిదానం సైకిలు మనిషికేదీ?

కొత్తగా వచ్చినవారికి కొల్లేటి ఎండతో రెండు వారాల పరీక్ష

ఏలూరు: కొల్లేటి గట్టు మీద చేపపిల్ల దిగే రోజున ఎవరూ తొందరపడరు. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులను వ్యానులోంచి మెల్లగా దించుతారు. వెంటనే మూతి విప్పరు. సంచిని సంచిగానే చెరువు నీళ్ళలో తేలనిస్తారు. లోపలి నీటి వేడి, బయటి నీటి వేడి ఒకటయ్యేదాకా పావుగంటో అరగంటో ఆగుతారు. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్ళు దోసిలితో కొద్దికొద్దిగా సంచిలో కలుపుతారు. ఆ తర్వాతే పిల్ల తనంతట తాను ఈదుకుంటూ చెరువులోకి పోతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే తెల్లారేసరికి పిల్ల వెల్లకిలా తేలుతుందని చెరువు చేసే ప్రతి రైతుకూ తెలుసు.

అదే గట్టు మీదకు, అదే వారంలో, కొండ ప్రాంతం నుంచి ఓ కుర్రాడు పనికి వస్తాడనుకుందాం. రాత్రి రైలెక్కి తెల్లారేసరికి ఏలూరులో దిగుతాడు. పది గంటలకల్లా మకాం చేరతాడు. పన్నెండు గంటలకు అతని చేతిలో సైకిలు పెడతారు. క్యారేజీ మీద మేత బస్తా కట్టి 'ఆ చివరి చెరువు దాకా వేసి రా అబ్బాయ్' అంటారు. గట్టు మీద చెట్టు లేదు. కింద తెల్లగా మెరిసే నీళ్ళు, పైన నిప్పులు చెరిగే సూర్యుడు. పిల్లకు అరగంట ఇచ్చిన చేతులే మనిషికి ఒక్క పూట కూడా ఇవ్వవు.

ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. ఆ కుర్రాడికి సైకిలు తొక్కడం వచ్చు, వయసులో ఉన్నాడు, ఒంట్లో బలముంది. ఇంకేం కావాలనుకుంటారు. కానీ ఎండను తట్టుకోవడం బలానికి సంబంధించిన విషయం కాదు. అది ఒళ్ళు నేర్చుకోవలసిన విద్య. ఆ విద్య నేర్వడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే కొత్తగా వచ్చినవారిలో కొందరు మొదటి వారంలోనే పడిపోతున్నారు.

కొత్తవారు ఎవరెవరు?

కొల్లేటి చుట్టూ చేపల చెరువుల మీద కాపలాకు, మేత వేయడానికి, పట్టుబడికి వచ్చే కూలీల్లో పై ప్రాంతాలవారు ఉన్నారు. కొండల మీద నుంచి వచ్చేవారి సంగతే తీసుకుంటే, అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కొల్లేరు దాదాపు సముద్ర మట్టానికే ఉంది. వెయ్యి మీటర్లు పైకి పోతే గాలిలో వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఆ మనిషి ఒక్క రాత్రి ప్రయాణంలో ఐదారు డిగ్రీల వేడిలోకి దిగినట్టు. అక్కడి చల్లని రాత్రి కూడా ఇక్కడ అతనికి దొరకదు.

తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, నిట్, మొదలైంది. అందులో సగం సీట్లు ఇతర రాష్ట్రాలవారివి. హిమాలయాల పక్కన పుట్టిన పిల్లలు కూడా అక్కడికి వచ్చి చదువుకోవచ్చు. దగ్గరలోని వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కళాశాలల ఆవరణల్లో దూరాలు ఎక్కువ. చవకగా తిరగడానికి కొత్త విద్యార్థి మొదట కొనేది సైకిలే.

ఇక మూడో రకంవారిని ఎవరూ కొత్తవారిగా లెక్కవేయరు. వారు మన ఊరివారే. హైదరాబాదులో చల్లని గదిలో కూర్చుని పనిచేసే కొడుకు, చలిదేశంలో నాలుగేళ్ళుండి వచ్చిన అల్లుడు, వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరికి వచ్చిన మనవడు. 'చిన్నప్పుడు ఇదే గట్టు మీద మిట్టమధ్యాహ్నం తొక్కేవాణ్ణి' అంటూ అటక మీది పాత సైకిలు దించుతాడు. చిన్ననాటి అలవాటు మనసుకు గుర్తుంటుంది. ఒంటికి గుర్తుండదు.

చలికాలంలో దూరదేశాల నుంచి కొల్లేటికి వచ్చే బాతులు ఎండ ముదరక ముందే తిరుగుదారి పడతాయి. పనికోసం, చదువుకోసం వచ్చిన మనిషికి ఆ వీలు లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలిసినా ఇక్కడే ఉండాలి. ఇక్కడే తొక్కాలి.

కొల్లేటి ఎండ తీరు వేరు

ఎండ అన్ని చోట్లా ఒకటి కాదు. రాయలసీమ ఎండ పొడి ఎండ. చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి ఎండ తడి ఎండ. చుట్టూ సరస్సు, చెరువులు, కాలువలు, దాళ్వా చేలు. పడమటి గాలి తోలిన రోజున ఇక్కడా పొడి వేడే. కానీ గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వచ్చిందా, ఉక్కపోత మొదలు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా పశ్చిమ గోదావరి నుంచి విడిపోయింది. ఉక్కపోత మాత్రం అటు ఏలూరుకూ ఇటు తాడేపల్లిగూడెానికీ ఉమ్మడిగానే మిగిలింది.

సైకిలు తొక్కేవాడి ఒళ్ళు ఒక పొయ్యి లాంటిది. తిన్న తిండి నుంచి పుట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పెడలుకు చేరదు. మిగతా మూడు వంతులకు పైగా వేడి అవుతుంది. ఆ వేడిని బయటికి నెట్టడానికి ఒంటికి ఉన్న పెద్ద సాధనం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కేలరీల వేడిని ఒంట్లోంచి తీసుకుపోతుంది. ఓ మోస్తరుగా గంటసేపు తొక్కినప్పుడు పుట్టే వేడికి ఇది సరిపోయి మిగులుతుంది.

కానీ చెమట పట్టినందువల్ల లాభం లేదు, ఆరాలి. కారి నేల మీద పడిన బొట్టు ఒంటిని చల్లబరచదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. నీళ్ళు పోతాయి, ఉప్పు పోతుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. కొల్లేటి ఉక్కలో చొక్కా పిండుకునేలా తడిసినవాడు 'చెమట బాగా పట్టింది, ఫర్వాలేదు' అనుకోవడం పొరపాటు.

ఈ రెండింటినీ కలిపి కొలిచే పద్ధతి ఒకటుంది. ఉష్ణమాపకం కొనకు తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది చూపేది తడి వేడి. మనిషి తట్టుకోగల తడి వేడికి హద్దు 35 డిగ్రీలని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద పరీక్షలు చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. తేమ ఎక్కువైనప్పుడు 31 డిగ్రీల దగ్గరే ఒళ్ళు అదుపు తప్పడం మొదలవుతోందని తేలింది. 38 డిగ్రీల ఎండకు 60 శాతం తేమ తోడైతే తడి వేడి సుమారు 31 అవుతుంది. ఆ పరీక్షల్లో వారు చేసింది ఇంటిపనిపాటి తేలిక పని మాత్రమే. బస్తా కట్టిన సైకిలు కాదు.

సైకిలు మీద మరో మోసం ఉంది. తొక్కుతున్నంతసేపూ ఎదురుగాలి చెమటను ఆరుస్తుంది. హాయిగానే ఉందనిపిస్తుంది. ఆగగానే గాలి ఆగిపోతుంది, ఒంట్లో పుట్టిన వేడి ఆగదు. ఎండలో రైల్వే గేటు దగ్గర నిలబడినప్పుడు, బస్తా దించుతున్నప్పుడు కళ్ళు తిరిగేది అందుకే. గాలి మరీ వేడెక్కి ఒంటి చర్మం కంటే వేడిగా ఉన్న రోజున ఆ ఎదురుగాలే సెగ అవుతుంది.

రెండు వారాల్లో ఒళ్ళు ఏం నేర్చుకుంటుంది?

మొదటి రోజు ఎండలో తొక్కినప్పుడు కొత్త మనిషి గుండె దడదడలాడుతుంది. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పరుగెత్తాలి, పెడలు తొక్కడానికి కాళ్ళ వైపూ పరుగెత్తాలి. ఉన్న రక్తం రెండు వైపులా చాలదు. చెమట ఆలస్యంగా మొదలవుతుంది, పైగా చాలా ఉప్పగా ఉంటుంది. నల్ల చొక్కా మీద తెల్లటి చారలు కట్టేది ఆ ఉప్పే.

రోజూ కొంతసేపు వేడిలో పనిచేస్తూ పోతే మూడు నాలుగు రోజులకే మార్పు కనిపిస్తుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. అదే పనికి గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. వారం దాటేసరికి చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఒళ్ళు ఉప్పును దాచుకోవడం నేర్చుకుందన్నమాట. పది నుంచి పద్నాలుగు రోజులకు ఈ చదువు దాదాపు పూర్తవుతుంది.

ఈ సంగతి లోకానికి తెలిసింది ప్రాణాలు పోయాకే. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో లోతుకు పోయేకొద్దీ వేడి, తేమ పెరిగాయి. 1920ల్లో అక్కడ కొత్తగా దిగిన కూలీలు వడదెబ్బకు చనిపోయారు. 1930ల్లో గని వైద్యులు కొత్తవారిని ఒక్కసారిగా దింపకుండా కొన్ని రోజులపాటు వేడికి అలవాటు చేసి దింపడం మొదలుపెట్టారు. మరణాలు తగ్గాయి. అమెరికా సైన్యం కూడా 1950ల్లో కొత్త సిపాయిలను వేడిలో పోగొట్టుకున్నాకే ఎండ, తేమ, గాలి కలిపి కొలిచి కవాతుల వేళలు నిర్ణయించడం నేర్చుకుంది.

పని స్థలాల్లో వడదెబ్బ మరణాల్లో దాదాపు సగం పనిలో చేరిన మొదటి రోజునే జరుగుతున్నాయనీ, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే జరుగుతున్నాయనీ అమెరికా కార్మిక భద్రతా శాఖ చెబుతోంది. అంటే ఎండను చంపేదిగా మార్చేది దాని తీవ్రత ఒక్కటే కాదు, మనిషి కొత్తదనం కూడా. మన రాష్ట్రంలో 2015 మే నెల వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఆరుబయట కాయకష్టం చేసేవారు, వృద్ధులు ఎప్పుడూ ముందు వరుసలో ఉంటారు.

ఈ చదువుకు రెండు షరతులున్నాయి. ఒకటి, ఫ్యాను కింద కూర్చుంటే రాదు. రోజూ కొంతసేపు వేడిలో ఒళ్ళు కదలాలి, చెమట పట్టాలి. రెండోది, మానేస్తే పోతుంది. మూడు నాలుగు వారాలు చల్లని చోట ఉండి వస్తే నేర్చుకున్నదంతా చాలావరకు మరచిపోతుంది. సెలవులకు ఇంటికి పోయి తిరిగి వచ్చిన విద్యార్థి, పండక్కి కొండకు పోయి నెల తర్వాత వచ్చిన కూలీ మళ్ళీ కొత్తవారే. వారం పది రోజులు జ్వరపడి లేచినవాడు కూడా కొత్తవాడి కిందే లెక్క.

మొదటి పద్నాలుగు రోజులు ఇలా

మొదటి మూడు రోజులు పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక మాత్రమే తొక్కాలి. ఒక్కో విడతకు ఇరవై నిమిషాల నుంచి అరగంట చాలు. బస్తా కట్టకూడదు. గట్టు దారి, నీళ్ళు దొరికే చోటు, నీడ ఉన్న చోటు తెలుసుకోవడానికి ఈ మూడు రోజులూ పనికొస్తాయి.

నాలుగో రోజు నుంచి వారం దాకా ముప్పావు గంట తొక్కవచ్చు. తేలిక బరువు పెట్టుకోవచ్చు. మధ్యలో ఒకసారి నీడన దిగాలి. తొక్కుతూ పక్కవాడితో మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. మాట తెగుతుంటే ఎక్కువైనట్టు.

రెండో వారంలో గంటదాకా పోవచ్చు. పొద్దున తొమ్మిది, పది గంటల ఎండ కొంచెం తగలనివ్వవచ్చు. మాములు బరువు కట్టవచ్చు. పద్నాలుగు రోజులు నిండినా మిట్టమధ్యాహ్నం మాత్రం ఎవరికీ అలవాటయ్యే వేళ కాదు. పుట్టినప్పటినుంచీ ఇక్కడున్నవారు కూడా పన్నెండు నుంచి నాలుగు దాకా గట్టు ఎక్కరంటే అది బద్ధకం వల్ల కాదు.

పని చేయించేవారికి లెక్క ఇంకా తేలిక. కొత్త మనిషికి మొదటి రోజు మొత్తం పనిలో ఐదో వంతు మాత్రమే ఎండలో ఇవ్వాలనీ, రోజుకో ఐదో వంతు పెంచాలనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. చెరువు లెక్కలో చెప్పుకుంటే, రోజుకు పది బస్తాలు చేరవేసే పని అయితే మొదటి రోజు రెండు, రెండో రోజు నాలుగు, మూడో రోజు ఆరు, నాలుగో రోజు ఎనిమిది. ఐదో రోజుకు పది. రైతుకు పోయేది ఇరవై బస్తాల మోత. దానికోసం పాత కూలీ రెండు పూటలు ఎక్కువ చేస్తే సరిపోతుంది.

పందెగాళ్ళూ ఆగుతున్నారు

సైకిలే వృత్తిగా బతికేవారు కూడా ఈ నియమానికి తలవంచక తప్పడం లేదు. ఏటా జనవరిలో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్ చుట్టుపక్కల పెద్ద సైకిలు పందెం జరుగుతుంది. మనకు సంక్రాంతి చలి ఉన్నప్పుడు అక్కడ నడి వేసవి. యూరప్ పందెగాళ్ళు మంచు నుంచి నేరుగా ఎండలో దిగుతారు. అందుకే చాలామంది ముందుగానే వచ్చి ఒంటికి ఎండను అలవాటు చేసుకుంటారు. అయినా 2018, 2019 సంవత్సరాల్లో ఎండ తీవ్రత చూసి నిర్వాహకులే కొన్ని రోజుల పందెం దూరాన్ని తగ్గించారు.

2016 అక్టోబరులో ప్రపంచ సైకిలు పోటీలు కతార్ రాజధాని దోహాలో జరిగాయి. నడి వేసవి కానే కాదు, అక్టోబరు నెల. అయినా ప్రపంచంలోకెల్లా గట్టి పందెగాళ్ళు వేడికి తూలిపడ్డారు. వెంట వైద్యులు, మంచుగడ్డలు, నీళ్ళందించే కార్లు ఉన్న వారి పరిస్థితే అది.

ఆ కతార్ పేరు గోదావరి జిల్లాల్లో తెలియని ఊరు లేదు. కతార్, కువైట్, దుబాయ్‌లకు బతుకుతెరువుకు పోయిన కుటుంబాలు ఇక్కడ ఊరూరా ఉన్నాయి. అంటే ఎండ దేశానికి వలస పోవడమంటే ఏమిటో మన ఇళ్ళలోనే తెలిసినవారున్నారు. కతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 గంటల వరకు నిషేధం. అక్కడ మన పిల్లలకు ఆ నీడ దొరకాలని కోరుకునే మనం, ఇక్కడికి వచ్చిన పరాయి పిల్లలకు ఆ నీడ ఇస్తున్నామా అన్నది అడగవలసిన ప్రశ్న.

పాతవారి తెలివి

ఈ శాస్త్రమంతా పుట్టకముందే కొల్లేటివారికి తమ లెక్క ఒకటుంది. సైకిలు మీద చేపల గంప కట్టుకుని ఊళ్ళు తిరిగే వ్యాపారి చుక్క పొడిచే వేళకు బయల్దేరతాడు. చేప చెడకుండా గంప మీద తడిగోనె కప్పుతాడు. తన తలకు తడి తువ్వాలు చుడతాడు. ఎండ ముదిరేసరికి గంప ఖాళీ కావాలి, మనిషి ఇంటికి చేరాలి. చేప కోసం వేసుకున్న లెక్క మనిషినీ కాపాడింది.

పొద్దున్నే గంజో, తరవాణి అన్నమో, ఉల్లిపాయ నంజుకుని తాగే ఉప్పు మజ్జిగో అలాంటి తెలివే. చెమటలో పోయేది నీళ్ళొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే కడవెడు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం, చివరికి మగత వస్తాయి. ఉప్పు వేసిన పలచని మజ్జిగ, గంజి, ఉప్పు కలిపిన నిమ్మకాయ నీళ్ళు వీటిలో ఏదైనా మంచిదే. లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపితే చాలు. ఆసుపత్రిలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం అయితే ఒక లీటరు నీటిలో ఒకేసారి కలపాలి. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు మాత్రం ఉప్పు సంగతి డాక్టరును అడిగి తేల్చుకోవాలి.

చుట్టూ కనుచూపు మేర నీళ్ళున్నా తాగే నీళ్ళు కొనుక్కోవలసిన లంకలు ఇవి. అందుకే కొత్తవాడు బయల్దేరేముందే సీసా నింపుకోవాలి. దారిలో దొరుకుతాయిలే అనుకోకూడదు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలలేదని గుర్తు. సాయంత్రం అలసట తీరుతుందని సారాయో కల్లో తాగితే ఒంట్లో నీరు ఇంకా పోతుంది, మర్నాటి ఎండకు మనిషి మరింత పలచబడతాడు.

చొక్కా విప్పి తొక్కితే చల్లగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. లేతరంగు వదులు నూలు చొక్కా, నిండు చేతులది, ఎండను ఆపి చెమటను ఆరనిస్తుంది. తలకు చుట్టిన తువ్వాలు తడిపితేనే లాభం.

రాత్రి నిద్ర సంగతి ఎవరూ పట్టించుకోరు. రేకుల మకాంలో రాత్రంతా ఉడికిన మనిషి తెల్లారి పనికి సగం అలసిపోయే వస్తాడు. రేకుల మీద తాటాకో, వరిగడ్డో పరిచి, గాలి ఆడేలా రెండు వైపులా వీలు చేస్తే పెద్ద ఖర్చు కాదు. కొత్తవాడు తేరుకునేది రాత్రిపూటే.

సైకిలుకూ ఎండ దెబ్బే

మనిషికే కాదు, సైకిలుకూ వేసవి కొత్త. పొద్దున గట్టిగా గాలి కొట్టి ఎండలో నిలబెడితే ట్యూబులో గాలి వేడెక్కి ఒత్తిడి పదో వంతుకు పైగా పెరుగుతుంది. అరిగిన టైరు అప్పుడే పగులుతుంది. పాత ప్యాచీ జిగురు మెత్తబడి వదులుతుంది. వేసవిలో గాలి కొంచెం తగ్గించి కొట్టాలి, సైకిలును నీడన పెట్టాలి. అలాగని మరీ తగ్గిస్తే బరువుకు రిమ్ము నేలను తాకి ట్యూబు నలుగుతుంది, తొక్కేవాడికి రెట్టింపు కష్టం.

గట్టు మీది దుమ్ము చైను నూనెలో కలిసి ముద్దవుతుంది. వారానికోసారి గుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు నూనె వేస్తే తొక్కడం తేలికవుతుంది. తొక్కడం తేలికైతే ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది. బ్రేకు పట్టేసి చక్రానికి రాసుకుంటున్న సైకిలును కొత్తవాడికి ఇవ్వడమంటే వాడి నెత్తిన మరో బస్తా పెట్టడమే. సీటు ఎత్తు కూడా చూడాలి. మోకాలు పూర్తిగా మడిచి తొక్కే పొట్టి సీటు శక్తిని తినేస్తుంది.

పడిపోతే ఏం చేయాలి?

కాళ్ళ పిక్కలు పట్టేయడం మొదటి హెచ్చరిక. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, ఒళ్ళంతా చెమటలు పట్టి నీరసం రావడం రెండో హెచ్చరిక. అక్కడే దిగిపోవాలి. నీడన పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచి, ఉప్పు మజ్జిగో ఓ.ఆర్.ఎస్. నీళ్ళో కొద్దికొద్దిగా తాగించాలి. ఆ రోజుకు మళ్ళీ సైకిలెక్కించకూడదు.

మాట తడబడినా, సంబంధం లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. కాయకష్టం చేస్తూ పడిపోయినవాడికి చెమట పడుతూనే ఉండవచ్చు. చెమట ఉంది కదా అని ఊరుకోకూడదు.

ఇక్కడ నిమిషాలతో పని. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. 108కు ఫోన్ చేస్తూనే నీడకు మోసి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు కుమ్మరించి విసరాలి. మంచుగడ్డలు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. చేపలకు మంచు వేసే ఊళ్ళు ఇవి. ఇక్కడ ఐసుకు కొరత లేదు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ వేయడం వల్ల లాభం లేదు, ఇది జ్వరం కాదు.

కొత్తవాడికి తెలుగు రాకపోవచ్చు. తనకెలా ఉందో చెప్పలేకపోవచ్చు. చెప్పగలిగినా పని పోతుందన్న భయంతో చెప్పకపోవచ్చు. అందుకే మొదటి రెండు వారాలు అతన్ని ఒంటరిగా దూరపు చెరువుకు పంపకూడదు. ముందు ఒక పాత సైకిలు, వెనక ఒక కొత్త సైకిలు పోవాలి. పాతవాడు మధ్యమధ్య వెనక్కి తిరిగి 'ఎలా ఉంది తమ్ముడూ' అని అడగాలి. జవాబు వంకరగా వస్తే దింపాలి.

ఊరు చేయగలిగింది

ఇదంతా ఒక్క మనిషి జాగ్రత్తతో అయ్యే పని కాదు. కొల్లేరును 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. పక్షికి నీడ కోసం అంత ఆలోచన జరిగిన చోట గట్ల మీద, కాలువ దారుల్లో పోయే మనిషికి నీడ తక్కువ. ఊరికీ ఊరికీ నడుమ దారి పక్కన కానుగో, వేపో, నిద్రగన్నేరో నాటి మూడేళ్ళు కాపాడితే ఆ తర్వాత అదే మనల్ని కాపాడుతుంది. అప్పటిదాకా తాటాకు పందిరి, కింద ఒక కుండ చాలు. ఊరి మధ్యలో పెట్టే చలివేంద్రం మంచిదే. కానీ దాహంతో పడిపోయేవాడు ఊరి మధ్యలో పడడు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, నీడలేని మలుపులో పడతాడు. చలివేంద్రం అక్కడ ఉండాలి.

మేత వేసే పని, బరువు మోసే పని పొద్దున ఎనిమిదిన్నరలోపు ఒక విడత, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఒక విడత పెట్టుకుంటే చేపకు నష్టం లేదు, రైతుకు నష్టం లేదు. కళాశాలలు కొత్త విద్యార్థులకు మొదటి రోజున ఇచ్చే కాగితాల్లో ఎండ గురించి నాలుగు ముక్కలు చేర్చవచ్చు. సెలవులకు వచ్చిన మనవణ్ణి మధ్యాహ్నం సైకిలు తీయనివ్వకుండా తాళంచెవి కొంగున కట్టుకునే అమ్మమ్మలు ఎలాగూ ఉన్నారు.

చేపపిల్ల సంచిని నీళ్ళలో తేలేసి అరగంట కూర్చునే రైతుకు ఓపిక లేదని ఎవరూ అనలేరు. పిల్ల విలువ తెలుసు గనుక ఆగుతాడు. కొండ దిగి వచ్చిన కుర్రాడి విషయంలో ఆగవలసింది రెండు వారాలు. అతని కోసం ఎక్కడో ఓ ఇల్లు ఎదురుచూస్తోంది.